మెదడును పెంచే నీరు: పిండదశలో మస్తిష్క మేరు ద్రవపు కథ

మన మెదడు నీటిలో తేలుతూ ఉంటుంది. పెద్దవారిలో ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. మెదడు లోపల ఉన్న నాలుగు గదులలోను, మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరల మధ్యను అది వ్యాపించి ఉంటుంది. దీనిని మస్తిష్క మేరు ద్రవము అంటారు. వైద్యులు పొట్టిగా సి.ఎస్.ఎఫ్. అంటారు. ప్రతిదినము సుమారు అర లీటరు ద్రవము కొత్తగా తయారవుతుంది, అంతే ద్రవము తిరిగి రక్తములో కలుస్తుంది. సుమారు 1,400 గ్రాముల బరువుండే మెదడు ఈ ద్రవములో తేలుట వలన 50 గ్రాముల బరువే ఉన్నట్లుగా పుర్రెలో నిలబడుతుంది.

ఆరోగ్యవంతులలో ఈ ద్రవము మంచినీటి వలె తేటగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తపు ప్లాస్మాలో 6,000 నుంచి 8,000 మిల్లీగ్రాముల ప్రోటీన్లు ఉంటే, అంతే పరిమాణపు మస్తిష్క మేరు ద్రవములో 15 నుంచి 45 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటాయి. ఆ సంఖ్య పెరిగిందంటే వైద్యులు వ్యాధి కొరకు వెదుకుతారు. మెదడు పొరలకు క్షయ సోకినా, చీము పట్టినా, వెన్నుపాము దగ్గర కంతి పెరిగినా ద్రవములో ప్రోటీన్లు పెరుగుతాయి.

తల్లి గర్భములో ఉన్న పిండము విషయములో ఈ సూత్రము వర్తించదు. అక్కడ ఇదే ద్రవము ప్రోటీన్లతో చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనము వ్యాధి లక్షణము కాదు, మెదడు సక్రమముగా పెరగడానికి కావలసిన పరిస్థితి. ఈ సంగతి వైద్యశాస్త్రమునకు తెలియడానికి చాల కాలము పట్టింది. అది తెలిసిన క్రమమును, దాని వలన నేటి గర్భిణులకు, పుట్టబోయే శిశువులకు ఉన్న ప్రయోజనమును వివరించడమే ఈ వ్యాసపు ఉద్దేశము.

ప్రాణశక్తి నుంచి నీటి వరకు

క్రీస్తు శకము రెండవ శతాబ్దములో గేలన్ అనే గ్రీకు వైద్యుడు పశువుల మెదళ్ళను కోసి లోపలి గదులను వర్ణించారు. ఆ గదులలో గాలి వంటి సూక్ష్మమైన ప్రాణశక్తి నిండి ఉంటుందని, అది నరముల ద్వారా ప్రవహించి దేహమును నడిపిస్తుందని ఆయన భావించారు. నాలుగవ శతాబ్దములో నెమీసియస్ ఆ గదులకు పనులు పంచారు. ముందు గదులలో ఊహ, నడిమి గదిలో వివేచన, వెనుక గదిలో జ్ఞాపకము ఉంటాయని ఆయన చెప్పిన మాట ఐరోపాలో వెయ్యి సంవత్సరములకు పైగా నిలిచింది. పదహారవ శతాబ్దపు తొలి సంవత్సరములలో లియొనార్డో డా విన్చీ ఎద్దు మెదడు గదులలో కరిగిన మైనము పోసి, గట్టిపడిన తరువాత వాటి ఆకృతిని చిత్రించారు. 1543లో వెలువడిన తన గ్రంథములో ఆండ్రియాస్ వెసాలియస్ ఆ గదులలో నీటి వంటి ద్రవము ఉంటుందని వ్రాసారు.

అయినా మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నీరు నిండి ఉంటుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. దానికి కారణము శవపరీక్ష చేసే విధానములోనే ఉంది. పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు ముందుగా తలను మొండెము నుంచి వేరు చేసేవారు. అపుడు ద్రవమంతా కారిపోయేది. 1764లో నేపుల్స్ నగరమునకు చెందిన డొమెనికో కొటూన్యో తలను వేరు చేయక ముందే వెన్నెముక క్రింది భాగమును తెరచి చూసారు. అక్కడ నీరు ఊటవలె బయటకు వచ్చింది. తుంటి నరపు నొప్పి గురించి తాను వ్రాసిన చిన్న గ్రంథములో ఆయన ఈ విషయమును పొందుపరచారు. పందొమ్మిదవ శతాబ్దములో ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రాన్స్వా మజెండీ ఈ ద్రవమును జంతువులలోను, మనుషులలోను విపులముగా పరిశోధించి, దానికి నేడు మనము వాడుతున్న పేరు పెట్టారు.

1891లో జర్మనీలోని కీల్ నగరములో హైన్రిక్ క్వింకె నడుము వద్ద వెన్నుపూసల మధ్య సూది గుచ్చి ద్రవమును తీసే పద్ధతిని ప్రవేశపెట్టారు. తలలో నీరు చేరిన పిల్లలలో ఒత్తిడిని తగ్గించడము ఆయన తొలి ఉద్దేశము. ద్రవపు పీడనమును, దానిలోని ప్రోటీనును, చక్కెరను కొలిచే అలవాటు కూడ ఆయనతోనే మొదలయింది. అప్పటి నుంచి వెన్నులో నీరు తీసి పరీక్షించడము వైద్యుల నిత్యకృత్యములలో ఒకటయింది.

మా తరపు వైద్యులకు ప్రభుత్వ ఆసుపత్రులలోని పిల్లల వార్డులలో ఒక దృశ్యము బాగా పరిచయము. మెదడు పొరలకు క్షయ సోకిన పిల్లల వెన్ను నుంచి తీసిన ద్రవమును గాజు గొట్టములో కదపకుండా ఉంచితే కొన్ని గంటలకు సన్నని సాలెగూడు వంటి పొర కట్టేది. ద్రవములోకి చేరిన ఫైబ్రిన్ అనే ప్రోటీను వలన ఏర్పడే పొర అది. దానిని చూడగానే వ్యాధి ఏమిటో తెలిసిపోయేది. ఇటువంటి అనుభవముల వలన, తేటగా ఉంటే ఆరోగ్యము, ప్రోటీన్లు పెరిగితే వ్యాధి అనే భావన తరతరముల వైద్యులలో బలపడింది.

1925లో ప్రఖ్యాత నాడీశస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఎడింబరోలో ప్రసంగిస్తూ ఈ ద్రవపు ప్రవాహమును మూడవ ప్రసరణము అన్నారు. రక్తప్రసరణము మొదటిది, రసినాళములది రెండవది, ఇది మూడవది. నేను వైద్యవిద్యార్థిగా ఉన్న 1970లలో మేము నేర్చుకున్నదాని ప్రకారము ఈ ద్రవపు పనులు ముఖ్యముగా రెండు. మెదడుకు దెబ్బ తగలకుండా మెత్తగా ఉండడము ఒకటి, వ్యర్థపదార్థములను తీసుకుపోవడము రెండవది. మెదడు నిర్మాణములో దీనికి భాగము ఉందని అప్పటి బోధనలో లేదు.

మూసుకున్న గొట్టములో చిక్కిన నీరు

మెదడు ఎలా మొదలవుతుందో కొంత తెలిస్తే తరువాతి కథ సులభముగా అర్థమవుతుంది. గర్భధారణ జరిగిన మూడవ వారములో పిండపు వీపు వైపు ఉన్న కణముల పలక ఒకటి దళసరి అవుతుంది. దాని అంచులు అరిటాకు దొప్ప వలె పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి, గొట్టముగా మారుతాయి. ఇది నాడీనాళము. దీని ముందుభాగము మెదడుగాను, మిగిలినది వెన్నుపాముగాను రూపొందుతాయి. నాళపు పై కొన ఇంచుమించు 25వ దినమునకు, క్రింది కొన 28వ దినమునకు మూసుకుంటాయి. గొట్టము మూసుకునే వేళ చుట్టూ ఉన్న ఉమ్మనీరు కొంత లోపల చిక్కుకుంటుంది. మెదడుకు అదే తొలి ద్రవము. పెద్దవారిలో ఈ ద్రవమును తయారుచేసేవి మెదడు గదులలో కుచ్చుల వలె వేలాడే రక్తనాళపు కూటములు. వాటికి కోరాయిడ్ ప్లెక్సస్ అని పేరు. మానవ పిండములో ఆరవ వారము ప్రాంతము వరకు అవి పొడచూపవు. ఈ మధ్యకాలములో నాళపు గోడలోని కణములే లోపలి ద్రవమును పెంచుతూ ఉంటాయి.

1917లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో లూయిస్ వీడ్ ఈ ద్రవపు దారిని పంది పిండములలో వెదికారు. ఇనుప లవణములున్న రెండు ద్రావణములను కలిపి మెదడు గదులలోకి నెమ్మదిగా ఎక్కించి, తరువాత ఆమ్లముతో వాటిని నీలిరంగుగా మార్చి, ఆ రంగు ఎంతవరకు పాకిందో సూక్ష్మదర్శినితో చూసారు. సుమారు 14 మిల్లీమీటర్ల పొడవు వచ్చే వరకు ఆ నీలిరంగు మెదడు గదులలోనే ఉండిపోయింది. ఆ తరువాతనే నాలుగవ గది పైకప్పు నుంచి బయటకు రావడము మొదలయింది. అంటే పిండపు తొలిదశలో ఆ ద్రవము బయటకు దారి లేని గదిలో బంధింపబడి ఉంటుంది. అలా బంధింపబడిన ద్రవమునకు ఏదైనా పని ఉన్నదా అనే ప్రశ్న మరి నలభై సంవత్సరముల తరువాత గాని ప్రయోగశాలకు రాలేదు.

గాజు గొట్టపు ప్రయోగము

1956లో ఆల్ఫ్రెడ్ కులూంబ్ర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పొదగబడుతున్న గుడ్డులోని కోడి పిండపు కంటిలో సన్నని గాజు గొట్టమును అమర్చారు. లోపలి ద్రవము బయటకు పోయి, కంటి పెరుగుదల కుంటుపడింది. రెండు సంవత్సరముల తరువాత ఆయన ఇటువంటి ప్రయోగమునే మెదడుపై చేసారు. 1977లో మేరీ డెస్మండ్, టెక్సస్ విశ్వవిద్యాలయములో పనిచేసే ఆంటోన్ జేకబ్సన్ ఈ ప్రయోగమును ఇంకా పకడ్బందీగా నిర్వహించారు. కోడి పిండపు నడిమి మెదడులోకి సన్నని గాజు గొట్టమును చొప్పించి, లోపలి పీడనము తగ్గిపోయేటట్లు చేసి, ఒక దినము తరువాత పరిశీలించారు.

మెదడు గదులు విశాలము కాకపోవడము ఊహించదగినదే. గాలి తీసిన బుడగ ఉబ్బదు కదా. అయితే ఆ మెదడు గోడలలో కణజాలము కూడ తక్కువగా ఉంది, కణముల సంఖ్య తగ్గింది, గోడలు ముడుతలు పడ్డాయి. ద్రవపు పీడనము గదులను సాగదీయడముతో ఆగక, గోడలోని కణములు విభజన చెందడానికి కూడ తోడ్పడుతున్నదని దీని వలన తేలింది.

దీనికి తోడు మరొక విశేషము బయటపడింది. నాడీనాళపు కొనలు రెండూ పూర్తిగా మూసుకునే వేళకు వెన్నుపాము భాగములోని రంధ్రము కొంతకాలము తనంతట తాను అతుక్కుపోతుంది. 1984లో గ్యారీ షూన్‌వోల్ఫ్, మేరీ డెస్మండ్ కోడి పిండములలో దీనిని వర్ణించారు. అంతకు ముందే, 1982లో, డెస్మండ్ మానవ పిండములలో కూడ ఇటువంటి మూత ఉన్నదని చూపారు. మెదడు వేగముగా ఉబ్బవలసిన ఆ కొద్ది సమయములో ద్రవము వెన్నుపాము లోనికి జారిపోకుండా ప్రకృతి వేసిన బిరడా అది. మెదడు ఉబ్బిన తరువాత ఆ బిరడా విడిపోతుంది.

లోపలికి నీటిని లాగేది ఏమిటి అనే ప్రశ్నకు సమాధానము వంటింటిలోనే దొరుకుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే కొంతసేపటికి నీరు ఊరుతుంది. లవణము ఎక్కువ ఉన్న వైపునకు నీరు పోతుంది, దానినే ద్రవాభిసరణము అంటారు. పిండపు మెదడు ద్రవములో ఉప్పు చేసే పనిలో కొంత పాలు ప్రోటియోగ్లైకాన్లు అనే అణువులు తీసుకుంటాయి. ఇవి ప్రోటీన్లకు పొడవైన చక్కెర గొలుసులు అతుక్కొని ఏర్పడినవి. మన కీళ్ళ మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచేవి కూడ ఈ జాతివే. స్పెయిన్‌లోని వయ్యాదొలీద్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1998లో కోడి పిండములలో ఈ అణువుల తయారీని మందుతో మార్చినపుడు, మెదడు ఉబ్బే తీరు కూడ మారిపోయింది.

పచ్చి గోడ అనే అపోహ

పిండపు ద్రవములో ప్రోటీన్లు అధికముగా ఉంటాయని వైద్యులకు పూర్వమే తెలుసు. నెలలు నిండి పుట్టిన శిశువులలో కూడ 100 మిల్లీలీటర్లకు సుమారు 100 మిల్లీగ్రాముల వరకు ప్రోటీన్లు ఉండవచ్చును, నెలలు నిండక పుట్టినవారిలో ఇంకా ఎక్కువ. పెద్దవారిలో అయితే వ్యాధిగా పరిగణించవలసిన సంఖ్య అది. మరి ఈ ప్రోటీన్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

దానికి అప్పటి వివరణ సరళమైనది. రక్తమునకు, మెదడుకు మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. 1920లలో లీనా స్టెర్న్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ అడ్డుగోడకు పేరు పెట్టారు. పిండములో ఆ గోడ ఇంకా పచ్చిగా ఉంటుంది కాబట్టి రక్తములోని ప్రోటీన్లు కారిపోయి ద్రవములో చేరుతాయని చాలమంది భావించారు. అంటే అవి అనుకోకుండా చేరిన సరుకు, వాటికి అక్కడ పని లేదు.

డెన్మార్క్‌కు చెందిన కెల్డ్ మోల్‌గార్డ్, బ్రిటన్‌లో పనిచేసిన నార్మన్ సాండర్స్, కతార్జినా జెగెలెవ్స్కా 1970ల నుంచి గొర్రె పిండములపై చేసిన పరిశోధనలు ఈ భావనను మార్చాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినపుడు, పిండపు తొలిదశలోనే ఆ కణముల మధ్య బిగువైన అతుకులు కనిపించాయి. గోడ పచ్చిగా లేదు, కారడము లేదు. కోరాయిడ్ ప్లెక్సస్‌లోని కొన్ని కణములు కొన్ని ప్రోటీన్లను ఎంచుకొని రక్తము నుంచి ద్రవములోనికి దాటిస్తున్నాయి. గోడకు బీటలు ఉండడము వేరు, ద్వారమున కాపలాదారు నిలబడి కావలసినవారిని పిలిచి లోపలికి పంపడము వేరు. పిండము కోరి ఆ ప్రోటీన్లను తెచ్చుకుంటున్నదని తెలిసిన తరువాత, అవి అక్కడ ఏమి చేస్తున్నాయనే ప్రశ్నను ఇక తోసిపుచ్చడానికి వీలు లేకపోయింది.

ప్రోటీన్లు చేసే పని

2005లో వయ్యాదొలీద్‌లో ఆంహెల్ గాతో, ఆయన సహచరులు ఒక చక్కని ప్రయోగము చేసారు. కోడి పిండపు నడిమి మెదడు గోడ నుంచి చిన్న ముక్కలను తీసి పాత్రలలో పెంచారు. పోషకములు మాత్రమే ఉన్న ద్రావణములో ఉంచిన ముక్కలలో కణవిభజన మందగించింది, కణములు మరణించాయి, నాడీకణములు సరిగా ఏర్పడలేదు. అదే ద్రావణములో పిండపు మెదడు ద్రవమును కలిపినపుడు కణములు బ్రతికాయి, విభజన చెందాయి, నాడీకణములుగా మారాయి. ఇక్కడ పీడనము లేదు, తెరచిన పాత్ర మాత్రమే ఉంది. కనుక ఈ ఫలితమునకు కారణము ద్రవములో కరిగి ఉన్న పదార్థములే.

ఆ మరుసటి సంవత్సరము ఆ బృందమే ఎఫ్.జి.ఎఫ్.2 అనే వృద్ధికారక ప్రోటీను ఆ ద్రవములో ఉన్నదని, దానిని ప్రతిరక్షకముతో అడ్డుకుంటే కణవిభజన తగ్గుతుందని చూపింది. బార్సిలోనాకు చెందిన దవీద్ బ్వేనో, వారి సహచరులు కోడి, ఎలుక పిండముల ద్రవములలోని ప్రోటీన్ల జాబితాలు తయారుచేసారు. కొవ్వులను మోసే ప్రోటీన్లు, విటమిన్ ఎ ను మోసే ప్రోటీన్లు, ఎంజైములు వాటిలో కనిపించాయి. 2007లో బోస్టన్ నగరములో క్రిస్టఫర్ వాల్ష్ బృందము మానవ పిండపు ద్రవమును కూడ ఇదే విధముగా విశ్లేషించింది.

2010లో వచ్చిన మరొక పరిశోధనలో, ఎలుక పిండములలో వెనుక మెదడుకు చెందిన కోరాయిడ్ ప్లెక్సస్ సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీనును ద్రవములోకి వదలుతుందని, అది ద్రవము ద్వారా ప్రయాణించి చిన్నమెదడు పెరుగుదలకు తోడ్పడుతుందని తేలింది. 2011లో మరియా లెహ్టినెన్, వాల్ష్, వారి సహచరులు ఐ.జి.ఎఫ్.2 అనే ప్రోటీను పాత్రను వివరించారు. మెదడు పై పొరలో నాడీకణములు ముమ్మరముగా పుట్టే దశలో ద్రవములో ఈ ప్రోటీను ఎక్కువగా ఉంటుంది. నాడీ మూలకణములు తమ కొనను మెదడు గది వైపు చాచి, ద్రవములోని ఈ ప్రోటీనును గ్రాహకములతో అందుకుంటాయి. పిండదశ ద్రవములో పెంచిన మెదడు ముక్కలలో మూలకణములు బాగా విభజన చెందాయి, ముదిరిన వయస్సు ద్రవములో అంతగా చెందలేదు. ఐ.జి.ఎఫ్.2 లేని ఎలుకల మెదళ్ళు చిన్నవిగా ఉన్నాయి.

వీటినన్నిటిని కలిపి చూస్తే పిండములో ఈ ద్రవమునకు మూడు పనులు కనిపిస్తాయి. అది మెదడును లోపలి నుంచి ఉబ్బిస్తుంది. మూలకణములను పోషిస్తుంది. ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు నాడీకణములుగా మారాలో చెప్పే వార్తలను దూరప్రాంతముల నుంచి మోసుకువస్తుంది. రక్తనాళములు మెదడు గోడలోకి పూర్తిగా చొచ్చుకుపోక ముందు ఈ పనులకు ద్రవము చాల అనుకూలమైన దారి. పైన చెప్పిన ప్రయోగములలో చాల భాగము కోళ్ళ మీద, ఎలుకల మీద జరిగాయి. మనుషులలో ఇవే ప్రయోగములు చేయరాదు. కాని ప్రకృతి చేసిన లోపముల నుంచి కొన్ని సాక్ష్యములు లభించాయి.

వెన్ను చీలిన శిశువులు చెప్పే సాక్ష్యము

నాడీనాళపు క్రింది భాగము మూసుకోకపోతే శిశువు వెన్ను చీలికతో పుడుతుంది. దీనిని స్పైనా బిఫిడా అంటారు. నడుము వద్ద ఉన్న ఈ లోపముతో పాటు చాలమంది శిశువులలో వెనుక మెదడు పుర్రె నుంచి మెడ లోనికి జారి ఉంటుంది, తలలో నీరు చేరుతుంది. ప్రేగ్ నగరములో హాన్స్ కియారి 1890లలోనే ఈ జారుడును వర్ణించారు. నడుము వద్ద లోపము ఉంటే తలలో వైకల్యము ఎందుకు రావాలి అనే చిక్కుప్రశ్న మాత్రము వంద సంవత్సరములు మిగిలింది.

1989లో షికాగోకు చెందిన డేవిడ్ మెక్‌లోన్, పాల్ నెపర్ దానికి ఒక వివరణ ఇచ్చారు. వెన్ను చీలిక నుంచి ద్రవము కారిపోతుంది. అందుచే మెదడు గదులు ఉబ్బవలసిన సమయములో ఉబ్బవు. లోపల మెదడు ఉబ్బకపోతే దానిని కప్పే పుర్రె వెనుక భాగము కూడ ఇరుకుగా ఏర్పడుతుంది. తరువాత పెరిగే వెనుక మెదడుకు చోటు చాలక మెడలోనికి దిగుతుంది, ద్రవపు దారులు మూసుకుపోయి తలలో నీరు చేరుతుంది. కోడి పిండములోని గాజు గొట్టము చేసిన పనినే ఇక్కడ చీలిన వెన్ను చేస్తున్నది.

అలాగయితే చీలికను గర్భములోనే మూయగలిగితే తలలోని హాని తగ్గాలి. అమెరికాలో 183 మంది గర్భిణులపై జరిగిన పరిశీలన ఫలితములు 2011లో వెలువడ్డాయి. సగము మందిలో 26 వారములు నిండక ముందే గర్భస్థ శిశువు వెన్నుకు శస్త్రచికిత్స చేసారు, మిగిలినవారిలో పుట్టిన తరువాత చేసారు. తలలోని నీటిని మళ్ళించే గొట్టము అవసరమైన శిశువులు రెండవ వర్గములో నూటికి 82 మంది, మొదటి వర్గములో 40 మంది. సంవత్సరము నిండేసరికి వెనుక మెదడు జారుడు లేని శిశువులు పుట్టిన తరువాత శస్త్రచికిత్స జరిగినవారిలో నూటికి 4 మంది, గర్భములోనే జరిగినవారిలో 36 మంది. నెలలు నిండక ముందే ప్రసవము కావడము, గర్భాశయపు గాయము పలుచబడడము వంటి ప్రమాదములు ఈ చికిత్సలో ఉన్నాయి. కనుక ఇది అందరికీ తగినది కాదు. అయినా పిండదశలో ద్రవము నిలిచి ఉండడము మెదడుకు ఎంత ముఖ్యమో ఈ సంఖ్యలు చెబుతున్నాయి.

పుట్టుకతో తలలో నీరు చేరే వ్యాధిని కూడ ఇపుడు కొత్త దృష్టితో చూస్తున్నారు. ఆ వ్యాధితో పుట్టే ఒక ఎలుకల జాతిపై మాంచెస్టర్‌లో జలీల్ మియాన్ బృందము 2002లో పరిశోధనలు ప్రచురించింది. వ్యాధిగ్రస్తమైన పిండముల మెదడు పై పొరలో కణవిభజన కుంటుపడింది. ఆ కణములనే బయటకు తీసి పెంచితే అవి మామూలుగా విభజన చెందాయి. ఆ పిండముల ద్రవము మాత్రము ఆరోగ్యకరమైన కణముల విభజనను కూడ ఆపింది. కాబట్టి ఈ వ్యాధిలో పీడనముతో పాటు ద్రవములోని మార్పులు కూడ మెదడుకు కీడు చేయవచ్చును. ప్రస్తుతము మన చేతిలో ఉన్న చికిత్స పీడనమును తగ్గించడమే.

28 దినముల గడువు

ఇంత కథలోను సామాన్య పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయము ఒకటి ఉంది. ద్రవము తన పని చేయాలంటే ముందు నాళము మూసుకోవాలి. గర్భధారణ జరిగిన 28వ దినమునకు ఆ గడువు ముగుస్తుంది. అప్పటికి స్త్రీకి నెల తప్పి రెండు వారములు మాత్రమే అయి ఉంటుంది. చాలమందికి గర్భము వచ్చిన సంగతి కూడ నిర్ధారణ కాదు.

నాళము మూసుకోవడానికి తోడ్పడే వాటిలో మన చేతిలో ఉన్నది ఫోలిక్ ఆమ్లము. ఈ విటమినును కృత్రిమముగా తయారుచేయడములో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర తెలుగువారు గర్వించదగినది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు ఆయన సారథ్యము వహించిన కాలములో, 1945లో, అక్కడి శాస్త్రజ్ఞులు దానిని సాధించారు. అప్పటికి దానిని రక్తహీనతకు మందుగానే చూసేవారు. 1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ ఫోలిక్ ఆమ్లపు లోపమునకు, శిశువుల నాడీవ్యవస్థలో వైకల్యములకు సంబంధము ఉండవచ్చునని సూచించారు. 1991లో నికొలస్ వాల్డ్ నేతృత్వములో ఏడు దేశములలో 1,817 మంది స్త్రీలపై జరిగిన పరిశీలన దానిని రుజువు చేసింది. అంతకు ముందు నాడీనాళపు లోపముతో శిశువును కన్న స్త్రీలు దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గర్భధారణకు ముందు నుంచి తీసుకుంటే, ఆ లోపము మళ్ళీ వచ్చే అవకాశము నూటికి 72 పాళ్ళు తగ్గింది.

మన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఫోలిక్ ఆమ్లము ఉచితముగా లభిస్తుంది. అయితే చాలమంది గర్భిణులు రెండవ నెల దాటిన తరువాత గాని పేరు నమోదు చేసుకోరు. అప్పటికి నాళము మూసుకోవడమో, మూసుకోకపోవడమో జరిగిపోయి ఉంటుంది. ఆ తరువాత తీసుకునే మాత్రలు తల్లి రక్తహీనతకు మేలు చేస్తాయి గాని తెరచి ఉన్న నాళమును మూయలేవు.

కనుక గర్భము కోరుకునే స్త్రీలు కనీసము నెల ముందు నుంచి, గర్భము వచ్చిన తరువాత మూడు నెలల వరకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసుకోవాలి. మునుపు వెన్ను చీలికతో గాని, పుర్రె ఏర్పడకుండా గాని శిశువు పుట్టినవారు, మూర్ఛకు మందులు వాడేవారు, మధుమేహము ఉన్నవారు గర్భధారణకు ముందే వైద్యులను సంప్రదించాలి. వారికి ఎక్కువ మోతాదు అవసరము కావచ్చును. మూర్ఛ మందులలో వాల్‌ప్రోయేట్ నాడీనాళపు లోపములను కలిగించగలదు. దానిని సొంతముగా ఆపరాదు, వైద్యుల సలహాతో ముందుగానే మార్చుకోవాలి. మధుమేహము ఉన్నవారు రక్తములో చక్కెరను అదుపులోకి తెచ్చుకున్న తరువాతనే గర్భము ధరించడము మంచిది. 18 నుంచి 20 వారముల మధ్య చేసే స్కానింగులో శిశువు వెన్ను, తల సక్రమముగా ఉన్నాయో లేదో తెలుసుకోవచ్చును.

పెళ్ళి అయిన ఆడపిల్లలకు పసుపు కుంకుమలతో పాటు పెద్దలు చెప్పే జాగ్రత్తలు ఎన్నో ఉంటాయి. వాటిలో ఈ చిన్న మాత్రను కూడ చేర్చమని నా విన్నపము.